పద్దెనిమిది మీటర్లు

ఇరానీ హోటల్లో పాలరాతి బల్ల మీద
మధ్యధరా సముద్రం పరిచాం.
జబీన్ చాయ్ గ్లాసు తీసేసరికి
మాల్టా చుట్టూ గోధుమరంగు వలయం.
"ఇక్కడ్నే మునుగుదాం, ఖుదా చూపించిండు" అంది.
గుర్తుల్ని నేను నమ్మను.
నా పొట్టకూటికి శత్రువులవి.
అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని
ప్లాటంతా తిరిగే మనిషికి ఐదువేలిచ్చి
మీటర్లూ తీగలూ మోసుకెళ్ళే నాతో
రెండువేలకి బేరమాడే ఊరిది.

నేను బోరు పాయింట్లు చూస్తాను.
ఇరవై రెండేళ్ళుగా ఈ నగరాన్ని
అడుగుల్లోనే లెక్కపెట్టాను, కిందికి.
నిజాంపేటలో పన్నెండు వందలు, పొడి దుమ్ము.
అల్వాల్లో తొమ్మిది వందలు, తడి వాసన మాత్రం.
కొంపల్లిలో ఒక పెద్దాయన
కేసింగు పైపులోకి గులకరాయి జారవిడిచి
చెవి పెట్టి విన్నాడు,
చాలాసేపు.

జబీన్‌ది ట్యాంకర్ల బుకింగు కౌంటరు.
ఏప్రిల్లో ఆమె ఫోను చల్లారదు.
"మీ నంబరు నూట నలభై, రేపు సాయంత్రం."
అదే గొంతుతో ఇప్పుడు చదువుతోంది:
అక్టోబరు మొదటివారం, నీళ్ళు ఇరవై మూడు డిగ్రీలు,
ఆఖరి రోజు మునక లేదు,
మునిగినాక పద్దెనిమిది గంటలు విమానం ఎక్కొద్దు,
రక్తంలో బుడగలు లేస్తయట, గోలీసోడా లెక్క.

ఆరునెలల బ్యాంకు కాగితాలు, రెండు ఫోటోలు,
వీసా ఫారంలో ప్రయాణ ఉద్దేశం అనే గడి.
అక్కడ మా ఇద్దరి పెన్నులూ ఆగాయి.
నీళ్ళు చూడ్డానికి అని రాస్తే
ఇస్తారా?

ఆదివారాలు సికింద్రాబాద్ ఈతకొలనులో
డెస్మండ్ సార్ మా నడుములకి సీసం కడతాడు.
పన్నెండడుగుల లోతు, క్లోరిన్ నీలం,
అడుగున ఎవరిదో జడక్లిప్పు.
"ముక్కు మూసి చెవుల్లోకి ఊదండి.
ఊపిరి మాత్రం ఎన్నడూ బిగపట్టకండి.
బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు,
ఇక పైకి పోదామని."
నలభై ఆరేళ్ళు ఊపిరి బిగపట్టే బతికినదాన్ని,
ఆ ఒక్కటీ వదలడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.
జబీన్‌కి మొదటిసారే వచ్చేసింది.

లార్నాకా దగ్గర ఒక ఓడ మునిగి ఉందట,
పక్కకి ఒరిగి, నూరు లారీలతో సహా.
నవ్వి నవ్వి జబీన్‌కి పొలమారింది.
"ఇక్కడ లారీలల్ల నీళ్ళు, అక్కడ నీళ్ళల్ల లారీలు!
బుకింగు నంబరెంతో అడిగొద్దాం పా."
ఓడ అడుగు నలభై మీటర్ల పైన లోతులో.
మాకు అనుమతి పద్దెనిమిదే.
దాని పైఅంచు కంటబడితే చాలనుకున్నాం.

జబీన్‌కి చెప్పని సంగతి ఒకటుంది.
యాభై అయిదు లక్షల ఏళ్ళ కింద
ఆ సముద్రం ఎండిపోయింది.
జిబ్రాల్టర్ దగ్గర తలుపు మూసుకుపోయి
అడుగంతా ఉప్పు, కిలోమీటరు పైచిలుకు మందాన.
ఆనాడు నన్ను పిలిచి పాయింటు పెట్టమంటే
నేనూ తల అడ్డంగా ఊపి
పెట్రోలు డబ్బులు తీసుకుని వచ్చేసేదాన్ని.
తర్వాత ఎప్పుడో నీళ్ళొచ్చాయి.
ఎవరూ కొబ్బరికాయ పట్టుకు తిరగలేదు.
కొంపల్లి పెద్దాయనకి ఈ మాట చెబుదామని
ఫోను తీసి, నంబరు చూసి, పెట్టేశాను.
లక్షల ఏళ్ళు ఆగమని
ఏ నోటితో చెప్పను?

నిన్న మియాపూర్లో రిగ్గు నిలబెట్టి
డ్రిల్లరు అడిగాడు, "ఎంత లోతు పోవాలె మేడం?"
"పద్దెనిమిది మీటర్లు" అన్నాను.
చేతిలో పానా ఆపి నా వంక చూశాడు.
"అరవై అడుగులల్ల ఏముంటది మేడం, మట్టి తప్ప?"
నాలుక కరుచుకుని, ఆరొందలన్నాను.

రిగ్గు మోగింది. చెవులు దిబ్బడేశాయి.
ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాను.
రాతిదుమ్ము తెల్లగా లేచి
కారునీ, ఇంటాయన కొత్త గేటునీ, మమ్మల్నీ ముంచేసింది.
బాగానే ఉన్నారా అన్నట్టు అతను చెయ్యి ఊపాడు.
చూపుడువేలూ బొటనవేలూ కలిపి చుట్టి చూపించాను.
సున్నా అనుకున్నాడు పాపం.
ఇంజను ఆపి, దగ్గరకొచ్చి,
పాయింటు మారుద్దామా మేడం అన్నాడు.